వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ప్రజా రవాణా: తరచుగా అడిగే ప్రశ్నలు

బయటి ఊళ్ల నుంచి వచ్చేవారు వరంగల్‌ను ఒకే పట్టణం అనుకొని బయలుదేరుతారు. ఇక్కడికి వచ్చాక రైలు ఒక చోట, బస్సు మరో చోట, తాము చేరవలసిన ఆసుపత్రో కళాశాలో ఇంకో చోట ఉన్నాయని తెలుస్తుంది. చుట్టాలు, విద్యార్థులు, రోగుల వెంట వచ్చేవారు, గుళ్లూ కోటలూ చూడవచ్చేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. టికెట్ ధరలూ వేళలూ తరచూ మారుతుంటాయి కాబట్టి వాటిని ఇవ్వలేదు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎందుకు అక్కడే దిగాలి అన్న విషయాల మీదనే దృష్టి పెట్టాను.

వరంగల్ అంటే ఒక ఊరా, మూడు ఊళ్లా?

పాలనాపరంగా గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ ఒక్కటే. ప్రయాణికుడికి మాత్రం ఇవి మూడు ఊళ్లే. తూర్పున వరంగల్, నడుమ హనుమకొండ, పడమర కాజీపేట ఉంటాయి. వరంగల్ రైల్వే స్టేషన్ దగ్గర మొదలై పోచమ్మ మైదాన్, ఎంజీఎం ఆసుపత్రి, ములుగు రోడ్డు కూడలి, హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట, సుబేదారి, నిట్ కళాశాల, ఫాతిమానగర్ మీదుగా కాజీపేట దాకా పోయే ప్రధాన రహదారి ఈ మూడింటినీ దండలో దారంలా కలుపుతుంది. నగరంలో బస్సులు ఎక్కువగా తిరిగేది ఈ దారిలోనే. మీరు వెళ్లవలసిన చోటు ఈ రోడ్డు మీద ఉంటే బస్సు సులువుగా దొరుకుతుంది, రోడ్డుకు దూరంగా ఉంటే చివరి కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఆటో ఎక్కక తప్పదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం తికమక తీరుతుంది.

ఇంకొక చిన్న మాట. 2021లో జిల్లాల పేర్లు మార్చినప్పటి నుంచి ప్రభుత్వ కాగితాల్లో ‘హనుమకొండ’ అని రాస్తున్నారు, జనం నోట, పాత బోర్డుల మీద ‘హన్మకొండ’ అనే ఉంటుంది. రెండూ ఒకే ఊరు. బస్సు బోర్డు మీద ఏది కనిపించినా నిశ్చింతగా ఎక్కవచ్చు.

రైలు టికెట్ తీసుకునేటప్పుడు వరంగల్ అని పెట్టాలా, కాజీపేట అని పెట్టాలా?

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే, అందుకే దీన్ని వివరంగా చెప్పాలి.

కాజీపేట జంక్షన్ దగ్గర మూడు దిక్కుల లైన్లు కలుస్తాయి. పడమర నుంచి సికింద్రాబాద్ లైను, ఉత్తరం నుంచి రామగుండం, మంచిర్యాల, బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు పోయే లైను, తూర్పు నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ పోయే లైను వచ్చి చేరుతాయి. రెండు స్టేషన్ల మధ్య రైలు దూరం సుమారు 10 కిలోమీటర్లే అయినా, ఏ రైలు ఎక్కడ ఆగుతుందన్నది ఆ రైలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే గోదావరి, గౌతమి, పద్మావతి, శాతవాహన, గోల్కొండ, కృష్ణా, చార్మినార్ వంటి ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేటలోనూ వరంగల్‌లోనూ ఆగుతాయి. వీటి విషయంలో మీ ఇంటికి ఏ స్టేషన్ దగ్గరైతే అక్కడ దిగండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, సిర్పూర్ కాగజ్‌నగర్ పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి ఉత్తరానికి తిరుగుతాయి, వరంగల్ ముఖం చూడవు. ఢిల్లీ, అహ్మదాబాద్ వైపు నుంచి చెన్నై, కేరళ వైపు పోయే తమిళనాడు, గ్రాండ్ ట్రంక్, కేరళ, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లకు ఇక్కడ ఎక్కే దిగే స్టేషన్ వరంగల్.

వందే భారత్ రైళ్లలోనూ ఇదే తేడా ఉంది. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది. 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్ కాజీపేటలో ఆగుతుంది.

మా చుట్టాల్లో ఒక పెద్దాయన ‘కాజీపేట పెద్ద జంక్షన్, అన్ని రైళ్లూ ఆగుతాయి’ అనే నమ్మకంతో చెన్నై రైలు కోసం కాజీపేట ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయారు. విషయం తెలిసి ఆటోలో వరంగల్ చేరేలోపు రైలు వెళ్లిపోయింది. ఆపరేషన్ కోసం వెల్లూరు వెళ్లే ప్రయాణం అది. అప్పటి నుంచి ఎవరు టికెట్ చూపించినా నేను ముందుగా చూసేది ఎక్కే స్టేషన్ పేరే. టికెట్ మీద ఏ స్టేషన్ పేరు ఉందో అక్కడి నుంచే ఎక్కండి. అనుమానంగా ఉంటే 139కి ఫోన్ చేస్తే రైలు వివరాలు చెబుతారు.

సికింద్రాబాద్ వెళ్లే రైలు సికింద్రాబాద్ దాకా పోతుందా?

అన్నీ పోవు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం, అక్కడి రద్దీ కారణంగా కొన్ని రైళ్లను 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. మనవైపు నుంచి వెళ్లేవారికి చర్లపల్లి సికింద్రాబాద్ కంటే ముందే వస్తుంది. అక్కడ దిగాక నగరంలోకి వెళ్లడానికి మరో బస్సు చూసుకోవాలి. ఉప్పల్, ఈసీఐఎల్, ఘట్‌కేసర్ ప్రాంతాల వారికి చర్లపల్లే దగ్గర కావచ్చు, అమీర్‌పేట పోవలసిన వారికి మాత్రం సికింద్రాబాద్ దాకా వెళ్లే రైలే నయం. టికెట్ తీసుకునేటప్పుడు చివరి స్టేషన్ ఏదో చదివి చూడండి. రిజర్వేషన్ టికెట్లు ఇప్పుడు ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు నుంచి మాత్రమే ఇస్తారు. 2024 నవంబరుకు ముందు ఈ గడువు 120 రోజులుండేది. దసరాకూ సంక్రాంతికీ ఇంటికి రావాలనుకునే వారు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌కు రైలు మంచిదా, బస్సు మంచిదా?

సీటు దొరికితే రైలే మంచిది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం 132 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ రైలుకు దాదాపు రెండు గంటలు పడుతుంది. బస్సు దారి జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా 163వ జాతీయ రహదారి మీద సాగుతుంది, మామూలుగా మూడు గంటలకు పైనే పడుతుంది. ఉప్పల్ దాకా వేగంగా వచ్చిన బస్సు అక్కడి నుంచి నగరంలోకి చేరడానికి పట్టే సమయం ఆ రోజు ట్రాఫిక్‌ను బట్టి ఉంటుంది.

బస్సుకున్న బలం ఎప్పుడంటే అప్పుడు దొరకడం. హనుమకొండ బస్టాండు నుంచి తెల్లవారుజాము మొదలు రాత్రి పొద్దుపోయే దాకా హైదరాబాద్ బస్సులు వరుసగా బయలుదేరుతూనే ఉంటాయి. రిజర్వేషన్ లేకపోయినా నిలబడి గంటలు కాయవలసిన పని లేదు. పండగ రోజుల్లోనూ ఆదివారం సాయంత్రాల్లోనూ మాత్రం ఈ మాట చెల్లదు. ఆ రోజుల్లో చదువులకూ ఉద్యోగాలకూ పట్నం తిరిగి పోయేవారితో బస్టాండు నిండిపోతుంది కాబట్టి సూపర్ లగ్జరీ, రాజధాని వంటి బస్సుల్లో ముందే సీటు రిజర్వ్ చేసుకోవడం మేలు.

బస్సులో వెళితే హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలి?

మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకానో జూబ్లీ బస్ స్టేషన్ దాకానో టికెట్ తీసుకొని అక్కడే దిగడం చాలామందికి అలవాటు. అమీర్‌పేట, మాదాపూర్, హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు వెళ్లేవారు ఉప్పల్‌లో దిగిపోవడం తెలివైన పని. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నడిచే మెట్రో బ్లూ లైను మీద ఉప్పల్ స్టేషన్ ఉంది. అక్కడ మెట్రో ఎక్కితే తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేటల మీదుగా హైటెక్ సిటీకి ట్రాఫిక్‌తో పని లేకుండా చేరవచ్చు. మియాపూర్, కూకట్‌పల్లి వెళ్లేవారు అమీర్‌పేటలో రెడ్ లైనుకు మారాలి. ఉదయం ఇంటర్వ్యూ ఉన్న పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పే దారి ఇదే.

మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఏ బస్సుల్లో ఉంటుంది?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్ర సరిహద్దుల లోపల ఉచితంగా ప్రయాణించవచ్చు. నగరంలో తిరిగే సాధారణ బస్సులకూ ఇది వర్తిస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ, లహరి బస్సుల్లో టికెట్ కొనవలసిందే.

దీనికి ఆధార్ వంటి, తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి. జిరాక్సు కాగితం చెల్లదు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అది పనికిరాదు. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు, కండక్టర్ ఇచ్చే ‘సున్నా టికెట్’ తప్పక తీసుకోవాలి. సంస్థకు ప్రభుత్వం డబ్బు చెల్లించేది ఆ టికెట్ల లెక్క మీదనే. సున్నా టికెట్ తీసుకోవడం బస్సు నడిపే సంస్థకు మనం చేయగలిగిన న్యాయం.

ఈ పథకం వచ్చాక నర్సంపేట, పరకాల, ములుగు వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు తమంతట తాము ఆసుపత్రికి రావడం, బిడ్డ చదువుతున్న హాస్టల్‌కు పోయి చూసి రావడం నేను కళ్లారా చూస్తున్నాను. ఇది చిన్న మార్పు కాదు. రద్దీ పెరిగిందన్నది కూడా అంతే నిజం. దానికి విరుగుడు బస్సుల సంఖ్య పెంచడమే. ఎక్కినవారిని విసుక్కోవడం వల్ల ఏమీ కాదు.

ఎంజీఎం ఆసుపత్రికి ఎలా చేరాలి?

ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి మొదటి బస్సు పట్టుకొని వచ్చేవారిలో చాలామంది ఎంజీఎంకే వస్తారు. వారు ఒక్క రూపాయి, ఒక్క అడుగు కూడా వృథా చేయకూడదన్నది నా కోరిక. ఆసుపత్రి వరంగల్‌కూ హనుమకొండకూ నడుమ, ప్రధాన రహదారి మీదనే ఉంది. వరంగల్ స్టేషన్‌లో రైలు దిగినవారు హనుమకొండ వైపు వెళ్లే ఏ బస్సెక్కినా, ఏ షేర్ ఆటో ఎక్కినా దారిలోనే ఆసుపత్రి వస్తుంది, పోచమ్మ మైదాన్ మీదుగా పోతుందా అని ఒకసారి అడిగితే చాలు.

భూపాలపల్లి, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చే బస్సులు ములుగు రోడ్డు మీదుగా నగరంలోకి వస్తాయి. వాటిలో వచ్చేవారు హనుమకొండ బస్టాండు దాకా పోయి మళ్లీ వెనక్కి రానవసరం లేదు. ములుగు రోడ్డు కూడలిలో దిగితే ఆసుపత్రి దగ్గరే. నర్సంపేట వైపు నుంచి వచ్చేవారు వరంగల్ వైపే దిగాలి. కరీంనగర్, హుజూరాబాద్ వైపు నుంచి వచ్చే బస్సులు హనుమకొండ చేరతాయి, అక్కడ చౌరస్తాలో వరంగల్ వెళ్లే బస్సు పట్టుకోవాలి. రోగి నడవలేని స్థితిలో ఉంటే ఇవన్నీ వదిలిపెట్టి 108కు ఫోన్ చేయండి, అంబులెన్స్‌కు డబ్బు ఇవ్వనవసరం లేదు.

షేర్ ఆటోకు, మాట్లాడుకున్న ఆటోకు తేడా ఏమిటి?

షేర్ ఆటో ఒక నిర్ణీత దారిలో తిరుగుతుంది, దారి పొడవునా మనుషులను ఎక్కించుకుంటూ దింపుతూ పోతుంది, మనిషికింత అని ఇస్తారు. మాట్లాడుకున్న ఆటో మీ ఒక్కరి కోసం ఇంటి గుమ్మం దాకా వస్తుంది, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. తగాదాలన్నీ ఈ రెండింటి నడుమ స్పష్టత లేకపోవడం వల్లనే వస్తాయి. ఖాళీ ఆటోలో కూర్చొని ‘చౌరస్తాకు’ అన్నప్పుడు మీరు షేర్ అనుకుంటారు, డ్రైవర్ కిరాయి అనుకుంటాడు. ఎక్కే ముందే ‘షేరా, కిరాయా, మనిషికెంత?’ అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. స్టేషన్ గేటు ముందు నిలిచిన ఆటో కంటే నాలుగు అడుగులు నడిచి రోడ్డు మీద వచ్చే ఆటో ఎక్కితే ధర తగ్గడం మామూలే. మొబైల్ యాప్‌లో ఆటో పిలిస్తే ధర ముందే తెలుస్తుంది. కొత్తవారికి అది మంచి ఆధారం.

నగరంలో బస్టాండు ఎన్ని? నాది ఏది?

దూర ప్రయాణాలకు పెద్దది హనుమకొండ బస్టాండు. వరంగల్ బస్టాండు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉండేది. పాత కట్టడాన్ని తీసేసి కొత్తది కట్టే పని చేపట్టినప్పటి నుంచి బస్సులు ఆగే చోట్లు మారుతూ వచ్చాయి కాబట్టి, స్టేషన్ బయటికి రాగానే మీ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో కండక్టర్‌నో డ్రైవర్‌నో అడగండి. కాజీపేటలో దిగినవారు కరీంనగర్, ములుగు వంటి ఊళ్లకు పోవాలంటే ముందు హనుమకొండ రావాలి. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి ఆర్టీసీ 2023లో ‘గమ్యం’ అనే యాప్ తెచ్చింది.

కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఎలా వెళ్లాలి?

కరీంనగర్‌కు బస్సే దారి, ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. కాజీపేట నుంచి రైలెక్కి పెద్దపల్లిలో మారి కరీంనగర్ చేరడానికి వీలున్నా, అది చుట్టుదారి.

జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వెళ్లేవారికి కాజీపేట నుంచి రైలే హాయి. ఆదిలాబాద్ పట్టణం ఈ లైను మీద లేదన్నది చాలామందికి తెలియదు. కాగజ్‌నగర్ దాకా పోయే రైలు ఆదిలాబాద్ పోదు. తిరుపతి నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఆదిలాబాద్ దాకా పోతుంది కానీ, సికింద్రాబాద్, నిజామాబాద్, ముద్ఖేడ్ చుట్టి పోతుంది. మంచిర్యాలలో దిగి బస్సు పట్టుకోవడమే చాలామంది చేసే పని.

కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, రామప్ప ఒకే రోజు బస్సుల్లో చూడగలమా?

నగరంలోని మూడింటినీ ఒకే రోజు హాయిగా చూడవచ్చు. ఖిలా వరంగల్ రైలు పట్టాలకు అవతలి వైపు ఉంది. వరంగల్ స్టేషన్ నుంచి అండర్ బ్రిడ్జి మీదుగా ఆటోలో కొద్ది నిమిషాల ప్రయాణం. గట్టి వాన పడిన రోజు అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఆ రోజు కోటను మరో పూటకు వాయిదా వేయండి. వేయిస్తంభాల గుడి హనుమకొండ చౌరస్తాకు నడక దూరంలో ఉంటుంది. భద్రకాళి గుడికి ప్రధాన రహదారి మీద దిగి ఆటోలో పోవాలి. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల వాహనాలు కదలవు. ఆ రోజు అక్కడికి నడిచి వెళ్లడమే సరైనది, నడిచే దారి కూడా పూలతో నిండి ఎంతో అందంగా ఉంటుంది.

2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. దానికి ఒక రోజు విడిగా పెట్టుకోండి. హనుమకొండ నుంచి ములుగుకు బస్సులు బాగానే ఉంటాయి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర దిగి వెంకటాపూర్ మీదుగా పాలంపేటకు ఆటోలో చేరవచ్చు. పొద్దున్నే బయలుదేరండి. సాయంత్రం తిరుగు ఆటో దొరకడం కష్టం, వెళ్లేటప్పుడే ఆ డ్రైవర్‌తో మాట్లాడుకొని ఉండటం మంచిది.

వరంగల్‌కు మెట్రో, విమానం ఉన్నాయా?

మెట్రో లేదు. ‘మెట్రో నియో’ పేరుతో ప్రతిపాదన వచ్చింది కానీ పట్టాలెక్కలేదు. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది, దాన్ని తిరిగి అభివృద్ధి చేయడానికి 2025లో కేంద్రం అనుమతించింది. ప్రయాణికుల విమానాలు మొదలయ్యే వరకు మనకు శంషాబాదే గతి. హైదరాబాద్ చేరాక ఆర్టీసీ ‘పుష్పక్’ ఏసీ బస్సులు విమానాశ్రయానికి తీసుకుపోతాయి. హనుమకొండ నుంచి బయలుదేరేవారు విమానం వేళకు కనీసం ఏడు గంటల ముందు ఇల్లు కదలాలన్నది నా లెక్క.

అర్ధరాత్రి రైలు దిగితే?

ఆ వేళలో సిటీ బస్సులుండవు. ఇంటి నుంచి ఎవరైనా వచ్చే వీలుంటే రమ్మనండి. లేకపోతే స్టేషన్ వెయిటింగ్ హాలులో తెల్లవారే దాకా కూర్చోవడంలో నామోషీ లేదు. కాకతీయుల శిల్పకళ ఛాయలతో తీర్చిదిద్దిన వరంగల్ స్టేషన్ 2025 మేలో ప్రారంభమైంది, వెలుతురూ కూర్చునే వసతీ ఇదివరకటి కంటే మెరుగు. ఆటో ఎక్కక తప్పకపోతే బండి నంబరు ఫొటో ఇంటికి పంపి ఎక్కండి, భయం కలిగితే వెంటనే 112కు ఫోన్ చేయండి.

మేడారం జాతరకు సొంత బండి మంచిదా, ఆర్టీసీ బస్సు మంచిదా?

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఆర్టీసీ హనుమకొండ, వరంగల్, కాజీపేటల నుంచే కాక రాష్ట్రం నలుమూలల నుంచి ప్రత్యేక బస్సులు నడుపుతుంది. వరంగల్ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో తాడ్వాయి దాకా బస్సులో వెళ్లి అక్కడి నుంచి మేడారం చేరవచ్చు. జాతర రోజుల్లో సొంత వాహనాలను గద్దెలకు, అంటే అమ్మవార్లు కొలువుదీరే వేదికలకు, దూరంగా నిలిపివేస్తారు, ఆర్టీసీ బస్సులు మాత్రం గద్దెలకు చేరువలోని తాత్కాలిక బస్టాండు దాకా పోతాయి. పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న కుటుంబానికి ఆ నడక తప్పడం ఎంతో మేలు. పైగా బెల్లం, ఒడిబియ్యం, వంట సామాను మోసుకుపోయేవారికి బస్సే ఆసరా.

వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. సమ్మక్క గద్దెకు చేరిన మరుసటి రోజు దర్శనం ముగించుకొని అందరూ ఒకేసారి బస్టాండుకు వస్తారు. అక్కడ ఊళ్లవారీగా కర్రలు కట్టి వరుసలు ఏర్పాటు చేస్తారు. మీ డిపో పేరున్న వరుస ఎక్కడుందో దిగినప్పుడే చూసి గుర్తుపెట్టుకోండి, పిల్లల జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, మంచినీళ్ల సీసా నింపుకొని గాని వరుసలో నిలబడకండి.